క్లోమగ్రంథి, దాని వ్యాధులు, మన కర్తవ్యము

(గోకుందలో మన తెలుగు కుటుంబముల సమావేశమున చదివిన ఉపన్యాసము)



నేను వైద్యుడను కాను. మెట్రిక్ చదువుతో దుకాణమున గూర్చున్నవాడను. కావున ఈ వేదికనుండి మందులు చెప్పుట నా యుద్దేశము కాదు. ఏ నొప్పి వచ్చినపుడు ఇంటిలో కూర్చుండరాదో, ఏ సంగతిని వైద్యునియొద్ద దాచరాదో, ఆ రెండు మాత్రమే మనవి చేయదలచితిని.

మన యిండ్లలో "కడుపునొప్పి" యను నొక్క మాట క్రింద పది రోగములు అణగియున్నవి. అజీర్ణమని వాము నమలుదుము. వాయువని సోడా త్రాగుదుము. దిష్టి తగిలినదని ఉప్పు, మిరపకాయలు దిగదుడుతుము. పెక్కుసార్లు నొప్పి తగ్గును. మన వైద్యమే గెలిచినదని సంతోషింతుము. కాని అట్లు తగ్గి, నెలకో, రెండు నెలలకో మరల వచ్చు నొప్పులలో క్లోమగ్రంథి నొప్పి యొకటి. దానిని ఉపేక్షించిన కుటుంబము తరువాత పడు కష్టము చాల పెద్దది.

క్లోమము జీర్ణాశయమునకు వెనుక, వెన్నెముకకు ముందు, అడ్డముగా పరుండియుండు మెత్తని గ్రంథి. పొడవు సుమారు 15 సెంటీమీటర్లు. బరువు ఇంచుమించు 100 గ్రాములు. తల కుడివైపున చిన్నప్రేగు తొలిభాగపు వంపులో ఇమిడియుండును. తోక ఎడమవైపున ప్లీహమును చేరును. అంత లోపల నుండుటచే సామాన్యముగా చేతికి తగులదు. దాని నొప్పి పొట్ట పైభాగమున బయలుదేరి వీపులోనికి పోవును. భోజనమైన పిదప, ముఖ్యముగా నూనె పదార్థములు తినిన పిదప, హెచ్చును. రోగి వెల్లకిల పండుకొనలేడు. మోకాళ్లను పొట్టకు ఆనించి ముందునకు వంగి కూర్చుండును. ఈ లక్షణములను ప్రతి తల్లియు గుర్తుంచుకొనవలయును.

ఈ గ్రంథి పుట్టుకయే విచిత్రమైనది. తల్లి గర్భములో నెలదాటిన పిండమునందు ఇది ఒకటిగా గాక రెండు మొగ్గలుగా పొడసూపును. ఒకటి ప్రేగునకు వెనుకవైపున, మరియొకటి ముందువైపున. ప్రేగు తిరుగునపుడు ముందువైపు మొగ్గయు దానితోపాటు తిరిగివచ్చి, సుమారు ఏడవ వారమునకు వెనుక మొగ్గతో కలిసిపోవును. రెండింటి నాళములును కూడి ఒక ప్రధాన నాళమగును. కొందరిలో ఈ నాళములు కలియకయే యుండిపోవును. వారిలో అత్యధికులకు జీవితాంతము ఏ బాధయు నుండదు. కొలదిమందిలో మాత్రము రసము సరిగా పారక వాపు కలుగవచ్చును.

క్లోమమునకు పనులు రెండు. మొదటిది, జీర్ణరసమును తయారుచేసి నాళము ద్వారా ప్రేగునకు పంపుట. రోజునకు లీటరునుండి లీటరున్నర వరకు ఈ రసము ఊరును. అన్నములోని పిండిపదార్థమును, పప్పులోని మాంసకృత్తులను, నేతిలోని క్రొవ్వును విడగొట్టునది ఇదియే. రెండవ పని, ఇన్సులిన్ మొదలగు స్రావములను నేరుగా రక్తములోనికి వదలి చక్కెరను అదుపులో నుంచుట. 1869లో బెర్లిన్‌లో వైద్యవిద్యార్థిగా నున్న పాల్ లాంగర్‌హాన్స్, క్లోమములో అక్కడక్కడ వేరుగా కనబడు కణసమూహములను సూక్ష్మదర్శినిలో చూచి వర్ణించెను. అవి ఏమి చేయునో ఆయనకు తెలియదు. వానికే తరువాత లాంగర్‌హాన్స్ ద్వీపములని పేరు వచ్చినది. ఇట్టి ద్వీపములు సుమారు పది లక్షలున్నను, అన్నియు కలిసి గ్రంథి బరువులో నూటికి ఒకటి రెండు పాళ్లు మాత్రమే.

1889లో స్ట్రాస్‌బర్గ్‌లో మింకోవ్‌స్కీ, ఫాన్ మేరింగ్ అను వైద్యులు ఒక కుక్క క్లోమమును తీసివేసి చూచిరి. దానికి మధుమేహము వచ్చెను. మన ప్రాచీన వైద్యులు తేనె మూత్రమని వర్ణించిన వ్యాధికిని, పొట్టలోని ఈ గ్రంథికిని గల సంబంధము అపుడు తేలినది. పిమ్మట 1921లో టొరాంటోలో బాంటింగ్, బెస్ట్ అనువారు మెక్లౌడ్ ప్రయోగశాలయందు ఇన్సులిన్‌ను వేరుచేసిరి; కాలిప్ దానిని శుద్ధి చేసెను. 1922 జనవరిలో 14 ఏండ్ల లియొనార్డ్ థాంప్సన్ అను బాలునికి మొదటిసారిగా ఆ మందు నిచ్చిరి. చావునకు దగ్గరపడిన ఆ పిల్లవాడు మరి 13 సంవత్సరములు జీవించెను. కనిపెట్టినవారు పేటెంటు హక్కును టొరాంటో విశ్వవిద్యాలయమునకు ఒక్కొక్క డాలరునకే ఇచ్చివేసిరి. లాభనష్టములు లెక్కించు వృత్తిలో నున్న నాకు ఈ బేరము ఎప్పుడు తలచుకొన్నను గౌరవము కలుగును.

ఇక వ్యాధుల సంగతి. క్లోమరసములోని ట్రిప్సిన్ అను పదార్థము మాంసకృత్తులను కరిగించును. క్లోమము కూడ మాంసకృత్తులతో కూడినదే. మరి అది తన్ను తానే ఏల కరిగించుకొనదు? గోదాములో అగ్గిపుల్లలు నిలువయుండును. గీయనంతవరకు మంట లేదు. అట్లే క్లోమములో ట్రిప్సిన్ నిద్రించు రూపమున నుండును. ప్రేగును చేరిన పిదపనే అది మేల్కొనును. పొరపాటున లోపలనే కొంత మేల్కొన్నచో దానిని పట్టి ఆపుటకు స్పింక్-1 అను కావలి పదార్థమును గ్రంథియే తయారుచేసికొనును. ఈ కట్టుబాటు తప్పినపుడు లోపలనే నిప్పంటుకొనును. అదియే క్లోమశోథ.

అకస్మాత్తుగా వచ్చు క్లోమశోథకు పెద్ద కారణములు రెండు: పిత్తాశయములోని రాళ్లు, మద్యము. రక్తములో క్రొవ్వు మిక్కిలి హెచ్చుట, కొన్ని మందులు కూడ కారణములు కావచ్చును. భరింపరాని నొప్పి, ఆగని వాంతులు దీని గురుతులు. రక్తములో లైపేజ్ పరీక్ష, అవసరమైనచో స్కాన్ వలన నిర్ధారణ యగును. పెక్కుమందికి కొలది దినములలో తగ్గును గాని, ఐదుగురిలో ఒకరికి తీవ్రమై ఊపిరితిత్తులకు, మూత్రపిండములకు కూడ ముప్పు కలుగవచ్చును. ఎవరికి తీవ్రమగునో ఇంటిలో కూర్చుండి చెప్పుట సాధ్యము కాదు. కావున ఆ రాత్రికి ఆ రాత్రియే ఆసుపత్రికి పోవలయును. సెలైను, నొప్పికి మందు, ఎడతెగని కనిపెట్టు, ఇవి చికిత్సలో ముఖ్యము. పూర్వము దినముల తరబడి పస్తు పెట్టెడివారు. నేడు రోగి తినగలిగిన వెంటనే ఆహార మిచ్చుట మేలని తెలిసినది. పిత్తాశయపు రాళ్లు కారణమైనచో ఆ పిత్తాశయమును తీయించుకొనవలయును. లేనిచో నొప్పి మరల రాగలదు.

దీర్ఘకాలిక క్లోమశోథ వేరు. ఇందు గ్రంథి కొంచెము కొంచెముగా గట్టిపడి, నాళములలో సున్నపు రాళ్లు పెరుగును. జీర్ణరసము చాలక మలము జిడ్డుగా, నీటిపై తేలుచు, దుర్వాసనతో నుండును. ఎంత తినినను దేహము చిక్కును. పోను పోను ద్వీపములు నశించి మధుమేహము వచ్చును. 1959లో జుయిడెమా అను వైద్యుడు ఇండోనేషియాలో ఇట్టి రోగులను వర్ణించెను. కేరళలో డాక్టర్ గీవర్గీస్ వందలకొలది రోగులను పరిశీలించెను. మద్యము ముట్టని బాలురు, బాలికలు, బక్కపలుచని యువకులు ఈ వ్యాధికి లోనగుట ఉష్ణదేశములలో కనబడు విశేషము.

ఇచ్చట మన యెరుకలో జరిగిన ఒక సంగతి చెప్పెదను. పేర్లు అడుగవలదు. ఒక తెలుగు కుటుంబమున పదమూడేండ్ల పిల్లవానికి కడుపునొప్పి మొదలైనది. బడి ఎగవేయుటకు సాకని మొదట తిట్టిరి. నాలుగేండ్లు వచ్చుచు పోవుచు నుండెను. పదునేడవ యేట స్కాన్ తీయగా క్లోమములో రాళ్లు కనబడినవి. "ఇది త్రాగుబోతుల రోగము" అని ఎవరో అనిరి. ఆ మాట వీథి వీథికి ప్రాకెను. తండ్రి ఆ పిల్లవానిపై చేయి చేసికొనెను. ఆ బాలుడు ఒక్క చుక్క యైనను ముట్టి యెరుగడు. అప్పటికే చక్కెర వ్యాధియు వచ్చియుండెను. నొప్పికంటె ఆ నింద అతనిని ఎక్కువగా క్రుంగదీసినది.

ఆ నింద తప్పని చెప్పుటకు నేడు శాస్త్రప్రమాణము కలదు. అది దూరదేశమునుండి వచ్చినది కాదు, హైదరాబాదునుండి వచ్చినది. అచ్చటి సి.సి.ఎం.బి. పరిశోధనశాలలో డాక్టర్ గిరిరాజ్ రతన్ చందక్ బృందము, ఏషియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ గ్యాస్ట్రోఎంటరాలజీకి చెందిన డాక్టర్ డి. నాగేశ్వరరెడ్డి ప్రభృతులతో కలిసి, ఈ రోగుల జన్యువులను పరిశీలించిరి. నేను ముందు చెప్పిన స్పింక్-1 కావలి పదార్థమును నిర్ణయించు జన్యువులో ఒక మార్పు ఈ రోగులలో మిక్కిలి తరచుగా కనబడుచున్నదని 2002లో ప్రకటించిరి. సామాన్య జనులలో అది నూటికి ఒకరిద్దరిలో మాత్రమే యుండును. 2006లో కథెప్సిన్-బి అను మరియొక జన్యువులోని మార్పులకును ఈ వ్యాధితో సంబంధము గలదని చూపిరి. అనగా కావలివాడు బలహీనుడుగా పుట్టిన యింట నిప్పు సులభముగా అంటుకొనును. అట్టి మార్పు గలవారందరికి వ్యాధి వచ్చునని గాదు. వచ్చిన వారందరిలో ఆ మార్పు ఉండుననియు గాదు. కాని ఈ వ్యాధిని చూచినంతనే రోగి నడవడిని శంకించుట అన్యాయమని మాత్రము స్పష్టమైనది.

కేరళ రోగులు కర్రపెండలము ఎక్కువగా తినుట వలన ఈ వ్యాధి కలుగునని ఒకప్పుడు తలచిరి. కర్రపెండలము తినని ప్రాంతములలో కూడ వ్యాధి కనబడుటచే ఆ వాదము నిలువలేదు. మన స్త్రీలు ఏకాదశినాడు తిను సగ్గుబియ్యము కర్రపెండలమునుండియే వచ్చును గనుక ఈ మాట చెప్పుచున్నాను. క్లోమము చెడునని దానికి భయపడ నక్కరలేదు. అయితే అది వట్టి పిండిపదార్థము. చక్కెర వ్యాధి గలవారికి చక్కెరను త్వరగా పెంచును.

జన్యువు పేరు చెప్పి మద్యమును, పొగాకును తప్పింపరాదు. పెద్దవారిలో దీర్ఘకాలిక క్లోమశోథకు మద్యము ప్రధాన కారణము. ఇప్పసారా యైనను, దుకాణపు సీసా యైనను క్లోమమునకు ఒక్కటియే. బీడీ, సిగరెట్టు ఈ వ్యాధిని త్వరపెట్టును. క్లోమమున పుట్టు క్యాన్సరునకు కూడ దారితీయును. ఆ క్యాన్సరు మొదట నొప్పి లేకుండ పెరుగును. ఏబదియేండ్లు దాటినవారికి క్రొత్తగా చక్కెర వ్యాధి వచ్చి బరువు తగ్గుచున్నను, నొప్పి లేకుండ కామెర్లు వచ్చినను, పసరు మందులతో దినములు గడుపక వెంటనే స్కాన్ చేయించుకొనవలయును. 1935లో విపుల్ అను అమెరికా శస్త్రవైద్యుడు క్లోమపు తలను తీసివేయు ఆపరేషనును వర్ణించెను. నేడది ఎంతో మెరుగుపడినది. కాని త్వరగా వచ్చినవారికే అది పనికివచ్చును.

దీర్ఘకాలిక వ్యాధికి చికిత్స లేదనుకొనుట పొరపాటు. గట్టిపడిన భాగమును మరల మెత్తబరచు మందు లేదు. కాని నొప్పిని తగ్గించి, దేహమును నిలబెట్టు మార్గములు పెక్కు. దేహము వెలుపలినుండి తరంగముల తాకిడితో క్లోమపు రాళ్లను పిండిచేసి, పిదప నోటిగుండా ఎండోస్కోపీ గొట్టమును పంపి నాళమును శుభ్రపరచు పద్ధతి హైదరాబాదున విరివిగా జరుగుచున్నది. వెయ్యిమందికి పైగా రోగులలో అట్లు చేసిన అనుభవమును నాగేశ్వరరెడ్డిగారి సంస్థ 2010లో ప్రచురించినది. కర్నూలు వైద్యకళాశాలలో చదివిన ఈ తెలుగు వైద్యునకు భారత ప్రభుత్వము 2025లో పద్మవిభూషణ్ ఇచ్చినది. నాళము మిక్కిలి ఉబ్బినవారికి ఆపరేషనే మేలు కావచ్చును. ఢిల్లీలోని అఖిల భారత వైద్యవిజ్ఞాన సంస్థవారు 2009లో కొన్ని విటమినులు, సెలీనియము కలిపిన మాత్రలతో నొప్పి దినములు తగ్గినవని 127 మంది రోగులపై చూపిరి. 2012లో ప్రచురించిన ఇంగ్లండు పరీక్షలో అట్టి మేలు కనబడలేదు. ఎవరికి ఏది తగునో నిపుణుడే చెప్పవలయును.

జీర్ణరసమునకు బదులుగా ఇచ్చు గొట్టపు మాత్రలు భోజనముతో పాటుగా మ్రింగవలయును. గంట ముందు, గంట తరువాత మ్రింగిన వ్యర్థము. ఇవి సామాన్యముగా పంది క్లోమమునుండి తయారగును. ఆచారరీత్యా సంకోచము గలవారు ఆ మాట వైద్యునితో చెప్పి ఆలోచించుకొనవలయును గాని, ఎవరికిని చెప్పక మానివేయుట తగదు.

అన్నింటికంటె ముఖ్యముగా ఇన్సులిన్ సంగతి చెప్పవలయును. క్లోమము చెడి వచ్చిన చక్కెర వ్యాధికి పెక్కుమందికి ఇన్సులిన్ తప్పదు. "ఒకసారి మొదలుపెట్టిన జీవితాంతము వేసికొనవలె" నని భయపెట్టువారున్నారు. కళ్లద్దములు కూడ జీవితాంతమే పెట్టుకొనుచున్నాము. బక్కగా నున్నవానికి చక్కెర వ్యాధి రాదనుట అబద్ధము. ఇన్సులిన్ వేసికొని పస్తుండుట అపాయము. ఈ రోగులలో చక్కెర హఠాత్తుగా పడిపోగలదు. మన వేసవిలో మందు చెడకుండ శీతలపేటిక గాని, అది లేనియింట తడి మట్టికుండలో డబ్బా గాని వాడవలయును. పెండ్లికి సిద్ధముగా నున్న ఆడపిల్లకు ఈ వ్యాధి యున్నదని తెలిసిన, సంబంధము తప్పిపోవునని సూదిమందు మాన్పించు ఇండ్లు కలవు. సోదరీమణులారా, రహస్యము నిలుచును గాని పిల్ల నిలువదు. పూర్వము ఈ రోగులు యౌవనముననే పోయెడివారు. నేడు చికిత్సలో నున్నవారు సంసారములు చేసికొని దశాబ్దములు బ్రతుకుచున్నారు.

ఇక మన ప్రత్యేక పరిస్థితి. 1956లో రాష్ట్రముల పునర్వ్యవస్థీకరణ జరుగువరకు కిన్వట్ తాలూకా ఆదిలాబాదు జిల్లాలోనిదే. తరువాత నాందేడ్ జిల్లాలో చేరినది. చుట్టరికములు అటు, కాగితములు ఇటు అయినవి. జబ్బు చేయగానే హైదరాబాదు రైలెక్కుట మనకు అలవాటు. కాని తెలంగాణ ఆరోగ్యశ్రీ ఆ రాష్ట్రపు కార్డు గలవారిది. మన కార్డులు మహారాష్ట్రవి. మనకు మహాత్మా జ్యోతిరావు ఫులే జన ఆరోగ్య యోజన, ఆయుష్మాన్ భారత్ వర్తించును. కావున మొదటి పరీక్షలు ఇచ్చటనే, గోకుంద ఉప జిల్లా ఆసుపత్రిలోనో, నాందేడ్ ప్రభుత్వ వైద్యకళాశాలలోనో చేయించుకొని, ఆరోగ్యమిత్రను కలిసి ఏ చికిత్స ఏ ఆసుపత్రిలో పథకము క్రిందికి వచ్చునో అడిగి, పిదప కదలవలయును. పొలము తాకట్టు పెట్టుట మొదటి పని కారాదు.

మరియొక కష్టము భాష. మన పిల్లలు మరాఠీ ధారాళముగా మాటలాడుదురు. మన యవ్వలు, క్రొత్తగా వచ్చిన కోడండ్రు "పోట్ దుఖ్తే" అని ఊరకుందురు. నొప్పి వీపునకు పోవుచున్నదా, ఎన్నాళ్లనుండి, మలము ఎట్లున్నది, ఇంటిలో త్రాగుడు కలదా, ఇవి చెప్పనిదే ఏ వైద్యుడు పోల్చగలడు? అందుచేత సభ ముందు మూడు మాటలుంచుచున్నాను. ఒకటి: రెండు భాషలు వచ్చిన యువతీయువకులు కొందరు వంతులవారీగా పెద్దలవెంట ఆసుపత్రికి పోవుటకు ఈ దినమే పేర్లు వ్రాయించవలయును. అచ్చట వినిన మాట బయట పెట్టరాదను నియమము వారికి ఉండవలయును. రెండు: ప్రతి కుటుంబము పాత స్కానులు, చీటీలు ఒక సంచిలో భద్రపరచవలయును. మూడు: మన పెండ్లిండ్లలో, పండుగలలో సారాకు, సిగరెట్టుకు ఖర్చు కట్టివేయవలయును.

పదేపదే వచ్చు కడుపునొప్పిగల పిల్లవానిని తిట్టక ముందు ఒక్కసారి పరీక్ష చేయించుడు. త్రాగు అలవాటున్నవాడు వైద్యునితో నిజము చెప్పవలయును. త్రాగనివానిని త్రాగెనని ఎవరును నిందింపరాదు. ఈ రెండు నియమములు మన వీథిలో నిలిచినచో మన బిడ్డలు కొందరైనను బ్రతికి బట్టకట్టుదురు.

 పేర్లు వ్రాయు పుస్తకము అధ్యక్షులవారి బల్లమీద నున్నది.